కోతకు ముందు ఒక ప్రశ్న

ప్రసవం గురించి మన సాహిత్యం చాలా తక్కువ మాట్లాడింది. ప్రేమ గురించి, పెళ్లి గురించి, వరకట్నం గురించి వచ్చినన్ని కథలు కాన్పు గది గురించి రాలేదు. వచ్చిన వాటిలో కూడా చాలావరకు తలుపు బయట పచార్లు చేసే భర్త దగ్గరో, లోపలి నుంచి వినిపించిన పసిబిడ్డ ఏడుపు దగ్గరో ఆగిపోతాయి. తలుపు లోపల ఎవరి చేతులు ఎవరి శరీరం మీద ఏ అధికారంతో పనిచేశాయో చెప్పిన రచనలను వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’ కవిత వచ్చినప్పుడు కొందరికి అంత ఇబ్బంది కలగడానికి కారణం బహుశా అదే. ఆమె తలుపు తెరిచింది.

స్త్రీల రచనల్లో ప్రసవానుభవం మీద కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. బల్ల మీద పడుకున్న మనిషి గొంతు కోసం వెతుకుతున్న కొద్దీ, బల్ల పక్కన నిలబడ్డవాళ్ల గురించి కూడా ఆలోచన మొదలైంది. ఆ డాక్టరు, ఆ నర్సు తాము చేసే పనిని ఎక్కడ నేర్చుకున్నారు? నేర్పినవాళ్లకి అది సరైనదని ఎలా తెలిసింది? తప్పని తెలిసిన రోజున ఎవరైనా వాళ్లకి చెప్పారా? ఈ ప్రశ్నలు పట్టుకుని పోతే ‘ఎవిడెన్స్ బేస్డ్ మెడిసిన్’, అంటే సాక్ష్యాధారాల మీద నడిచే వైద్యం, చరిత్ర ఎదురైంది. ఈ రోజు వైద్య కళాశాలల్లో, నర్సింగ్ పాఠాల్లో ఆ మాట మంత్రంలా వినిపిస్తుంది. ఆ మంత్రంలో పెద్ద భాగం ప్రసూతి గదుల్లోనే పుట్టిందని, అందులో స్త్రీల పాత్ర తక్కువేమీ కాదని మనలో ఎందరికి తెలుసు?

ఈ కథని చాలామంది వియన్నా నుంచి మొదలుపెడతారు. 1840లలో వియన్నా జనరల్ హాస్పిటల్లో రెండు ప్రసూతి విభాగాలుండేవి. మొదటి దాంట్లో వైద్య విద్యార్థులు, రెండో దాంట్లో మంత్రసానులు శిక్షణ పొందేవారు. 1846లో మొదటి విభాగంలో చేరిన తల్లుల్లో నూటికి పదకొండు మందికి పైగా చనిపోయారు. రెండో విభాగంలో ముగ్గురు కూడా కాదు. ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే యువ డాక్టరు ఈ తేడా గురించి తల బద్దలు కొట్టుకున్నాడు. శవపరీక్షలు చేసిన చేతులతోనే విద్యార్థులు నేరుగా కాన్పు బల్ల దగ్గరికి వస్తున్నారని 1847లో గుర్తించి, క్లోరిన్ నీళ్లతో చేతులు కడుక్కోమన్నాడు. ఏప్రిల్‌లో నూటికి పద్దెనిమిదిగా ఉన్న మరణాలు జూన్ నాటికి రెండుకి పడిపోయాయి. అయినా తమ చేతులే తల్లుల్ని చంపుతున్నాయన్న మాటను పెద్ద డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. సెమ్మెల్‌వైస్ 1865లో పిచ్చాసుపత్రిలో చనిపోయాడు.

ఈ కథని ఒంటరి మేధావి విషాదంగా చెప్పడం మనకు అలవాటు. నాకు మాత్రం ఇందులో ఇంకో వాక్యం ముఖ్యమనిపిస్తుంది. ఆ మొదటి విభాగంలోకి తమని పంపొద్దని వియన్నా పేద స్త్రీలు మోకాళ్ల మీద పడి బతిమాలుకునేవారని సెమ్మెల్‌వైస్ స్వయంగా రాశాడు. ఏ రోజు ఏ విభాగంలో చేర్చుకుంటారో వాళ్లకు తెలుసు. ఎక్కడికి పోతే చావు ఎక్కువో తెలుసు. లెక్కలు కట్టి పట్టికలు వేయకముందే ఆ ఆసుపత్రిలో జ్ఞానం ఉంది. అది పేద స్త్రీల దగ్గర ఉంది కాబట్టి దాన్ని ఎవరూ జ్ఞానం అనలేదు, భయం అన్నారు.

ఇరవయ్యో శతాబ్దంలో పాశ్చాత్య దేశాల్లో కాన్పులు ఇళ్ల నుంచి ఆసుపత్రులకు మారాయి. దానివల్ల ఎన్నో ప్రాణాలు నిలిచాయి, అందులో సందేహం లేదు. కానీ ఆసుపత్రితో పాటు కొన్ని అలవాట్లు కూడా వచ్చాయి. నొప్పులతో వచ్చిన స్త్రీకి గుండు గీసినట్టు వెంట్రుకలు తీసేయడం, ఎనిమా ఇవ్వడం, వెల్లకిలా పడుకోబెట్టడం, బిడ్డ తల కనపడగానే యోని ద్వారం దగ్గర కత్తెరతో కోసి తర్వాత కుట్లు వేయడం. ఈ కోతని 1742లో డబ్లిన్‌కి చెందిన ఫీల్డింగ్ ఔల్డ్ కష్టమైన కాన్పుల్లో మాత్రమే చేయమని వర్ణించాడు. 1920లో షికాగోలో జోసెఫ్ డీలీ దీన్ని ముందు జాగ్రత్త కింద చేయాలన్నాడు. ప్రసవం అనేది సహజంగా జరిగే పని కాదని, తల్లికి గాయం చేసే రోగం లాంటిదని అతని ఆలోచన. క్రమంగా అది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. 1979లో అమెరికాలో యోని ద్వారా జరిగిన కాన్పుల్లో 60 శాతానికి పైగా కోత పడింది. చిరగడం కన్నా కోయడం మంచిది, త్వరగా మానుతుంది, ముందు ముందు గర్భసంచి జారకుండా కాపాడుతుంది అని గురువులు చెప్పారు, శిష్యులు నమ్మారు. ఎవరూ పరీక్షించి చూడలేదు. 1983లో స్టీఫెన్ థాకర్, డేవిడ్ బాంటా అనే ఇద్దరు 1860 నుంచి 1980 దాకా వచ్చిన వైద్య రచనల్ని తిరగేసి, ఈ లాభాల్లో దేనికీ గట్టి ఆధారం లేదని తేల్చారు.

పరీక్షించి చూడడం అంటే ఏమిటి? సాహిత్యం చదువుకున్న నాలాంటి వాళ్లకి అర్థమయ్యేలా చెప్పుకుందాం. ఒకే రకమైన పరిస్థితిలో ఉన్న స్త్రీలని, వాళ్ల ఒప్పుదలతో, చీటీలు వేసినట్టుగా రెండు జట్లు చేస్తారు. ఒక జట్టుకి పాత పద్ధతి, రెండో జట్టుకి కొత్త పద్ధతి. తర్వాత ఎవరికి మేలు జరిగిందో లెక్క చూస్తారు. చీటీ వేయడంలోనే కిటుకంతా ఉంది. డాక్టరుకి ఇష్టమైన పద్ధతి డాక్టరుకి నచ్చిన రోగులకే పోకుండా అది ఆపుతుంది. అధికారం ఉన్న మనిషి చూపు మీద ఒక్క క్షణం గంత కడుతుంది. ఆర్చీ కాక్రేన్ అనే బ్రిటిష్ వైద్యుడు 1972లో రాసిన పుస్తకంలో ఇలాంటి పరీక్షలు లేకుండా వైద్యం చేయడాన్ని తప్పుపట్టాడు. 1979లో వైద్యశాఖలన్నిటిలో ఈ విషయంలో అందరికంటే వెనకబడ్డది ప్రసూతి శాఖే అంటూ దానికి ‘చెక్క గరిటె’ బహుమతి ప్రకటించాడు. క్లాసులో ఆఖరి ర్యాంకు వచ్చిన పిల్లాడికి ఇచ్చే వెక్కిరింపు బహుమతి లాంటిది అది.

ఆ వెక్కిరింపుని సీరియస్‌గా తీసుకున్నవాడు ఇయాన్ చామర్స్. యువకుడిగా గాజాలో పాలస్తీనా శరణార్థుల మధ్య డాక్టరుగా పనిచేశాడు. తట్టు వచ్చిన పిల్లలకి యాంటీబయాటిక్స్ ఇవ్వకూడదని కాలేజీలో నేర్పిన పాఠాన్ని నిష్ఠగా పాటించాడు. ఆ మందులతో కొందరు పిల్లలు బతికేవారని చెప్పే పరీక్షలు అప్పటికే అచ్చయి ఉన్నాయని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. గురువులు చెప్పింది వినడం వల్ల పిల్లలు పోయి ఉంటారన్న ఎరుక అతన్ని వదలలేదు. 1978లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైన ప్రసూతి పరిశోధన కేంద్రానికి అధిపతి అయ్యాడు. కాన్పుకి సంబంధించిన పరీక్షలన్నీ వెతికి కూడబెట్టే పని మొదలైంది. 1989లో రెండు పెద్ద సంపుటాలుగా అది అచ్చయింది. 1993లో ఏర్పడిన కాక్రేన్ కొలాబొరేషన్‌కి దారి వేసింది ఈ పనే.

అయితే ఈ చరిత్రలో మగ పేర్లే కనిపిస్తాయి. కొంచెం గీకి చూస్తే కింద ఉన్న పేర్లు కనిపిస్తాయి. 1980లో లండన్‌లోని ఒక ఆసుపత్రిలో మిడ్‌వైఫ్‌గా ఉన్న మోనా రోమ్నీ కాన్పుకి ముందు వెంట్రుకలు గీయడాన్ని పరీక్షించి, ఇది సమర్థించలేని దాడి కాదా అని వ్యాసం శీర్షికలోనే అడిగింది. మరుసటి ఏడాది ఎనిమా గురించీ అలాగే అడిగింది. షీలా కిట్జింజర్ అనే మానవ శాస్త్రవేత్త కోత పడ్డ స్త్రీల అనుభవాల్ని సేకరించి 1981లో ప్రచురించింది. కూర్చోలేకపోవడం, భర్తతో కలవాలంటే భయం, కుట్ల దగ్గర నెలల తరబడి సలుపు. వైద్యుల దృష్టిలో ఇవన్నీ ‘కథలు’. కానీ ఆ కథలు రోడ్డున పడిపోలేదు. 1984లో వెస్ట్ బర్క్‌షైర్‌లో జెన్నిఫర్ స్లీప్ అనే మిడ్‌వైఫ్ ముందుండి నడిపిన పరీక్షలో 1,000 మంది స్త్రీలు పాల్గొన్నారు. వీలైనంతవరకు కోయొద్దన్న జట్టులో 10 శాతం మందికి, ఉదారంగా కోయమన్న జట్టులో 51 శాతం మందికి కోత పడింది. ఎక్కువ కోసినందువల్ల తల్లికి గానీ బిడ్డకి గానీ ఒరిగిందేమీ లేదని తేలింది. ఆ పరీక్షలో కొలిచినవేమిటో చూడండి. నొప్పి ఎన్ని రోజులుంది? మూత్రం ఆపుకోగలుగుతున్నారా? దాంపత్యం మళ్లీ ఎప్పుడు మొదలైంది? ఈ ప్రశ్నలు స్త్రీలు చెప్పుకున్న మాటల్లోంచి వచ్చినవే. ఏది కొలవాలి అన్నది ఎవరు నిర్ణయిస్తారో వాళ్ల చేతిలోనే జ్ఞానం ఉంటుంది. 1993లో అర్జెంటీనాలో 2,606 మంది స్త్రీలతో జరిగిన పరీక్ష కూడా ఇదే మాట చెప్పింది.

అంటే 1993 నాటికి సాక్ష్యం సిద్ధంగా ఉంది. 1996లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు కాన్పుల్లో వెంట్రుకలు గీయడం, ఎనిమా ఇవ్వడం మానమంది. మరి అలవాట్లు మారాయా?

నా కాన్పు 2010 తర్వాత ఒక ఆసుపత్రిలో జరిగింది. నన్ను అడగలేదు. కోస్తున్నామని చెప్పలేదు. తర్వాత ఎన్ని కుట్లు వేశారని అడిగితే “అవన్నీ నీకెందుకమ్మా, బిడ్డని చూసుకో” అంది డ్యూటీలో ఉన్నామె. తర్వాత నా కేస్ షీటు అడిగి తెచ్చుకుని చదివాను. అందులో నా గురించి ఒక లైను ఉంది: ‘ఆర్.ఎమ్.ఎల్.ఇ. గివెన్’. కుడి పక్కకి ఏటవాలుగా కోత ‘ఇవ్వబడింది’. ఎవరు ఇచ్చారో లేదు, ఎందుకో లేదు, తీసుకున్న మనిషి లేదు. కర్త లేని వాక్యాల గురించి వ్యాకరణం తరగతిలో చాలా చెప్పుకుంటాం. అధికారం కర్మణి ప్రయోగంలో ఎంత హాయిగా దాక్కుంటుందో ఆ ఒక్క లైను నాకు నేర్పింది.

నర్సింగ్ కాలేజీలో పాఠం చెప్పే నా స్నేహితురాలితో ఈ మాటంటే ఆమె నవ్వింది. “పుస్తకంలో ఒకటి చెప్తాం, వార్డులో ఇంకోటి చేయిస్తాం. పిల్లలు తెలివైనవాళ్లు. పరీక్షకి పుస్తకం, ఉద్యోగానికి వార్డు అని వాళ్లే అర్థం చేసుకుంటారు” అంది. “ఎవరైనా అడగరా?” అన్నాను. “మొదటేడు అడుగుతారు. నాలుగో ఏటికి మానేస్తారు.”

సాక్ష్యాధారిత వైద్యం శిక్షణ చరిత్ర అంతా ఈ నాలుగేళ్ల చుట్టూ తిరుగుతుంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ శాకెట్, అతని సహచరులు 1981లో పరిశోధన వ్యాసాల్ని ఎలా చదవాలో డాక్టర్లకి నేర్పే వ్యాసాల పరంపర మొదలుపెట్టారు. గార్డన్ గయట్ 1991లో దీనికి ‘ఎవిడెన్స్ బేస్డ్ మెడిసిన్’ అని పేరు పెట్టాడు. 1992లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన వ్యాసంతో ఆ పేరు ప్రపంచానికి తెలిసింది. ఈ శిక్షణలో మెట్లున్నాయి. మొదట రోగి సమస్యని స్పష్టమైన ప్రశ్నగా మార్చుకోవాలి. దానికి జవాబిచ్చే పరిశోధన వెతకాలి. ఆ పరిశోధన నమ్మదగినదా కాదా అని తూచాలి. దాన్ని ఈ రోగికి, ఈ రోగి ఇష్టాయిష్టాలకి అన్వయించాలి. చివరికి తను చేసింది సరిగా ఉందో లేదో వెనక్కి చూసుకోవాలి. పెద్దాయన చెప్పాడు కాబట్టి అనే మాటకి ఇందులో చోటు లేదు. చూడబోతే ఇది మనం స్త్రీవాద విమర్శలో చేసే పనే. పాఠాన్ని ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఏం దాచారు అని అడగడమే కదా.

1997లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన లాంటి దేశాల డాక్టర్ల కోసం ప్రసూతి ఆరోగ్యం మీద సాక్ష్యాలన్నీ కూర్చి ఒక గ్రంథాలయాన్ని తయారుచేసి ఉచితంగా పంచింది. మొదట ఫ్లాపీల్లో, తర్వాత సీడీల్లో. మన దేశంలో 2007లో భారత వైద్య పరిశోధన మండలి కాక్రేన్ లైబ్రరీని దేశవాసులందరికీ ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. చదువు చేతికందితే చేతులు మారతాయన్నది వీటి వెనకున్న నమ్మకం.

ఆ నమ్మకాన్నే పరీక్షకి పెట్టారు. మెక్సికోలో 22, థాయ్‌లాండ్‌లో 18 ఆసుపత్రులు తీసుకుని, సగం చోట్ల ఆ గ్రంథాలయాన్ని వాడడంలో ఆరు నెలల్లో మూడు వర్క్‌షాపులు పెట్టారు. ఫలితాలు 2007లో వచ్చాయి. గ్రంథాలయం గురించి తెలిసినవాళ్లు థాయ్‌లాండ్‌లో 34 శాతం నుంచి 83 శాతానికి పెరిగారు. మెక్సికోలో 25 నుంచి 66కి. కానీ వార్డులో చేసే పనుల్లో చెప్పుకోదగ్గ, నిలకడైన మార్పు కనిపించలేదు. తెలిసింది, అయినా మారలేదు. నా స్నేహితురాలు చెప్పిన మాటని రెండు దేశాల్లో నలభై ఆసుపత్రుల మీద రుజువు చేసినట్టయింది.

మరుసటి ఏడాది, 2008లో, ఇంకో ఫలితం వచ్చింది. అర్జెంటీనా, ఉరుగ్వేల్లో 19 ఆసుపత్రుల్లో ఫెర్నాండో అల్తాబె బృందం చేసిన పరీక్ష అది. వీళ్లు కూడా శిక్షణే ఇచ్చారు. కానీ తీరు వేరు. ముందు ఆసుపత్రిలో పనిచేసే వాళ్లని, మీరు ఎవరి మాట వింటారు, ఎవర్ని చూసి నేర్చుకుంటారు అని అడిగారు. అలా తోటివాళ్లు ఎంచుకున్న వాళ్లకి శిక్షణ ఇచ్చారు. కోయకుండా కాన్పు చేయడం ఎలాగో చేతులతో చేయించి నేర్పారు. వాళ్లు తిరిగి వెళ్లి ఒక్కొక్కరితో విడిగా కూర్చుని మాట్లాడారు. గుర్తు చేసే చీటీలు కాన్పు గదిలో అంటించారు. ఈ నెల మన దగ్గర ఎన్ని కోతలు పడ్డాయో లెక్కలు కట్టి అందరికీ చూపించారు. పద్దెనిమిది నెలలు ఇలా సాగింది. కోతలు 41.1 శాతం నుంచి 29.9 శాతానికి తగ్గాయి. శిక్షణ లేని ఆసుపత్రుల్లో 43.5 నుంచి 44.5కి, అంటే ఎక్కడివక్కడే ఉన్నాయి. కాన్పవగానే అధిక రక్తస్రావం కాకుండా ఇచ్చే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ వాడకం 2.1 శాతం నుంచి 83.6 శాతానికి పెరిగింది. తల్లుల్లో రక్తస్రావం బాగా తగ్గింది. ఏడాది తర్వాత కూడా ఆ మార్పు నిలిచింది.

ఈ రెండు పరీక్షల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించేది ఇది. మొదటిది జ్ఞానాన్ని ఒంటరి మనిషి మెదడులో పెట్టాలనుకుంది. రెండోది వార్డులో మనుషుల మధ్య ఉన్న సంబంధాల్ని పట్టించుకుంది. సగం రాత్రి కాన్పు గదిలో ఉన్న నర్సుకి కోత అవసరం లేదని తెలిసినా, సీనియర్ వచ్చి ఎందుకు కోయలేదని అడిగితే సమాధానం చెప్పుకోవాల్సింది ఆమే. ఒక్క చిరుగు పడితే తప్పు ఆమెది. వంద కోతలు పడితే అది పద్ధతి. ఇలాంటి చోట పుస్తకం ఇచ్చి మారమంటే ఎలా మారుతుంది? కోత లేకుండా కాన్పు చేయాలంటే బిడ్డ తల నెమ్మదిగా వచ్చేదాకా ఓపిగ్గా ఆగాలి. ఒకే బల్ల కోసం ముగ్గురు ఎదురుచూసే వార్డులో ఓపిక కూడా ఒక వసతే, మంచం లాగా, నీళ్ల లాగా. దాన్ని శిక్షణ ఒక్కటే ఇవ్వలేదు.

ఈ చరిత్రని ఇక్కడే ఆపేస్తే సాక్ష్యం ఎప్పుడూ స్త్రీల పక్షమే అన్నట్టు అవుతుంది. అలా కాదు. కాక్రేన్ సంస్థ చిహ్నం మీద కొన్ని గీతలుంటాయి. నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదమున్న తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు బలపడతాయని చెప్పే ఏడు పరీక్షల ఫలితాలవి. న్యూజీలాండ్‌లో లిగ్గిన్స్, హోవీ 1972లోనే ఈ సంగతి ప్రచురించారు. పట్రీషియా క్రౌలీ అనే ఐరిష్ డాక్టరు తన సహచరులతో కలిసి ఆ పరీక్షలన్నిటినీ ఒకచోట చేర్చి 1990లో సందేహం లేకుండా చూపించింది. ఈ మధ్యకాలంలో ఆ మందు అందక చనిపోయిన పసికందులు ఎందరో. తెలిసినదాన్ని వాడకపోవడం ఎంత ఘోరమో చెప్పడానికి ఈ గీతల్నే చూపిస్తారు.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. ఈ మందుని పేద దేశాల్లో పల్లెల దాకా తీసుకెళ్లాలని, ప్రతి స్థాయిలో ఆరోగ్య కార్యకర్తలకి శిక్షణ ఇచ్చి ఆరు దేశాల్లో పరీక్ష చేశారు. కర్ణాటకలోని బెల్గాం, మహారాష్ట్రలోని నాగపూర్ కూడా అందులో ఉన్నాయి. దాదాపు లక్ష కాన్పులు. శిక్షణ ఫలించింది, మందు వాడకం పెరిగింది. కానీ మొత్తం మీద పసికందుల మరణాలు వెయ్యికి 3.5 చొప్పున ఎక్కువయ్యాయి. తల్లుల్లో ఇన్ఫెక్షన్ అనుమానాలు పెరిగాయి. 2015లో ఈ ఫలితం అచ్చయినప్పుడు అందరూ నిర్ఘాంతపోయారు. నెలలు ఎన్నో కచ్చితంగా తెలియని చోట, ఇన్ఫెక్షన్ కనిపెట్టే వీలు లేని చోట, పుట్టిన బిడ్డని వెచ్చగా ఉంచి ఊపిరి అందించే ఏర్పాటు లేని చోట అదే మందు మేలు చేయలేదు. తర్వాత 2020లో మన దేశంతో సహా ఐదు దేశాల్లో 29 ఆసుపత్రుల్లో, ఈ వసతులున్న చోట పరీక్షిస్తే మందు మళ్లీ ప్రాణాలు కాపాడింది. నవజాత శిశు మరణాలు 23.5 శాతం నుంచి 19.6కి తగ్గాయి. ఆక్లాండ్ సాక్ష్యం బెల్గాం పల్లెకి బస్సెక్కి దానంతటదే రాదు. ఎక్కడి స్త్రీ, ఏ ఆసుపత్రి, ఎలాంటి తిండి, ఎంత దూరం అన్నవి సాక్ష్యంలో భాగమే. దళిత, ఆదివాసీ స్త్రీవాదులు మనకి ఎప్పట్నుంచో చెప్తున్న మాటని వైద్యశాస్త్రం లక్ష కాన్పుల తర్వాత నేర్చుకుంది. ‘స్త్రీ’ అని ఒక్కరే ఉండరు.

సాక్ష్యం ఎవరి శరీరాల మీద తయారవుతుందన్నది ఇంకో ప్రశ్న. 1985లో మన పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగం కోసం క్యాంపు పెట్టారు. అక్కడికి వచ్చిన పేద స్త్రీలకి అది ప్రయోగమని చెప్పలేదని స్త్రీశక్తి సంఘటన సభ్యులు నిలదీశారు. 1986లో ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2009లో ఖమ్మం జిల్లాలో వేలమంది బాలికలకి గర్భాశయ ముఖద్వార కేన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. టీకా మంచిదే. అది కేన్సర్‌ని తగ్గిస్తుందని ఈ రోజు గట్టి ఆధారాలున్నాయి. కానీ చాలామంది పిల్లల తరఫున తల్లిదండ్రులకి బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ కార్యక్రమం ఆగింది. 2013లో పార్లమెంటరీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. శాస్త్రం సరైనదైనంత మాత్రాన స్త్రీని అడగకపోవడం సరైనదైపోదు.

ఇప్పుడు మన దగ్గర పరిస్థితి చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం. దేశం మొత్తం మీద 21.5. కింది కోత గురించి మాట్లాడుతూ ఉండగానే పై కోత మనల్ని ముంచేసింది. దీనికి డబ్బు, భయం, ముహూర్తాలు, డాక్టర్ల కొరత, నొప్పులు పడుతున్న స్త్రీ పట్ల వార్డులో జరిగే అవమానం అన్నీ కారణాలే. కాన్పు గదిలో తిట్లు తిని, చెంపదెబ్బలు తిని వచ్చిన అక్కని చూసిన చెల్లెలు ఆపరేషన్ అడిగితే అది తెలివితక్కువ కాదు. తనకందిన సాక్ష్యం మీద తను తీసుకున్న నిర్ణయం అది.

2017లో తెలంగాణ ప్రభుత్వం, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ హాస్పిటల్, యునిసెఫ్ కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకి పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. 2018 చివర్లో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్పు సమయంలో స్త్రీ కోరుకున్న మనిషి తోడుండాలని, కోతని అలవాటుగా చేయకూడదని, కాన్పు స్త్రీకి మంచి అనుభవంగా మిగలాలని చెప్పింది. అనుభవం అన్న మాట ఆ పత్రం పేరులోనే ఉంది. కిట్జింజర్ సేకరించినప్పుడు కథలని కొట్టిపారేసిన మాట, ముప్పై ఏడేళ్లకి మార్గదర్శకం అయింది.

మంత్రసానుల్ని మురికి చేతులని వెలివేసి, ఆ చోట్లోకి ఆసుపత్రి చేతుల్ని తెచ్చిన చరిత్ర, ఇప్పుడు మళ్లీ మిడ్‌వైఫ్ కోసం వెతుక్కుంటోంది. ఎక్కువగా కింది కులాల స్త్రీలైన ఆ మంత్రసానుల్ని ఈ కొత్త శిక్షణలో ఎవరూ పిలవలేదు. వాళ్లకి తెలిసినదాంట్లో ఏది నిలుస్తుందో ఏది పోవాలో తూచే పరీక్షలు కూడా పెద్దగా జరగలేదు. తూచకుండా పారేయడం, తూచకుండా కొలవడం రెండూ ఒకటే తప్పు.

సాక్ష్యాధారిత వైద్యానికి మొదటి మెట్టు ప్రశ్న అని చెప్పుకున్నాం. హైదరాబాద్ స్త్రీలు ఆరోగ్యం మీద తెలుగులో వేసుకున్న పుస్తకానికి ‘సవాలక్ష సందేహాలు’ అని పేరు పెట్టుకోవడం నాకు యాదృచ్ఛికం అనిపించదు. డాక్టరుకి సందేహించడం నేర్పితే దాన్ని శాస్త్రం అంటారు. స్త్రీ సందేహిస్తే “అవన్నీ నీకెందుకమ్మా” అంటారు. ఈ రెండు సందేహాలు ఒకే గదిలో ఎదురుపడనంతకాలం శిక్షణలు జరుగుతూనే ఉంటాయి, కత్తెరలు ఆడుతూనే ఉంటాయి.

అందుకే నా కోరిక పెద్దదేమీ కాదు. నర్సులకి, డాక్టర్లకి జరిగే ప్రతి శిక్షణ తరగతిలో పరిశోధన వ్యాసంతో పాటు కాన్పయిన స్త్రీల కథనం ఒకటి చదివించాలి. వీలైతే ఆ స్త్రీని పిలిచి కూర్చోబెట్టి ఆమెనే ప్రశ్న వేయనివ్వాలి. ప్రతి ఆసుపత్రి నెల నెలా ఎన్ని కోతలు, ఎన్ని ఆపరేషన్లు అన్నది గోడ మీద రాసి పెట్టాలి. కేస్ షీటులో ‘గివెన్’ పక్కన ఎందుకు, ఎవరు, ఆమెని అడిగారా అన్న మూడు గళ్లు ఉండాలి. ఇక రచయిత్రులుగా మన పని మనకుంది. కాన్పు గది తలుపు దగ్గర కథని ఆపేయకుండా లోపలికి తీసుకెళ్లాలి. అక్కడ ఏం కొలవాలో రేపటి పరిశోధకులు మన కథల్లోంచి వెతుక్కునే అవకాశం ఉంది. ఇంతకుముందు ఒకసారి అలా జరిగింది కదా.